వదులు

ఆ ఎండాకాలం మా ఇంట్లో మొదట విరిగింది మా ఆవిడ కుడి మణికట్టు. విరిచింది మా నాన్న. ఆయనకప్పుడు ఎనభై ఒకటి. అన్నం ముద్ద నోటిదాకా ఎత్తుకోలేడు, చొక్కా గుండీ పెట్టుకోలేడు, ఉన్న రెండు గదుల్లో స్నానాల గది ఎటో తెలియదు.

వస్తువు బలం అంచనా వెయ్యడం నా వృత్తి. తాళ్లు, టార్పాలిన్లు అమ్ముతాను. కింద కొట్టు, పైన ఇల్లు, మధ్య పద్నాలుగు ఇనప మెట్లు. ఏ తాడు ఎంత బరువుకి ఆగుతుందో వేళ్ల మధ్య నలిపి చెప్పగలను. నేను చెప్పింది నమ్మి కట్టిన లోడు ఇంతవరకూ రోడ్డు మీద పడలేదు. నాన్న చేతుల విషయంలో మాత్రం బొక్కబోర్లా పడ్డాను. మతి సన్నగిల్లిన మనిషికి పట్టు కూడా సన్నగిల్లి ఉంటుందనుకున్నాను.

ఆ ఉదయం ఆవిడ ఆయనకి చొక్కా తొడుగుతోంది. నేను కింద టార్పాలిన్ల మడతలు విప్పిస్తున్నాను. "వదలండి మామయ్యా... మామయ్యా, వదలండి" అని పైనుంచి వినపడింది. గొంతులో విసుగే తప్ప భయం లేదు. కాసేపటికి "ఏవండీ!" అంది. ఆ పిలుపు వేరు. మెట్లు రెండేసి ఎక్కాను.

నాన్న మంచం పక్కన నిలబడి ఉన్నాడు. చొక్కా ఒక చేతికి ఎక్కింది, రెండోది వేలాడుతోంది. రెండు చేతులతోనూ ఆవిడ మణికట్టు పట్టుకుని ఉన్నాడు. ముఖంలో కోపం లేదు. బస్సులో కమ్మీ పట్టుకున్నవాడి ముఖంలా ఉంది. నేను దూకి ఆయన వేళ్లు పట్టుకుని లాగాను.

"వదులు నాన్నా! వదులు!"

ఆయన నా వంక చూశాడు. మడమలు నేలకి తన్నిపెట్టి, నడుము వెనక్కి వంచి, ఒక్క గుంజు గుంజాడు. పెన్సిలు విరిగినట్టు చిన్న చప్పుడు. ఆవిడ నోరు తెరిచింది గానీ గాలే వచ్చింది. "వదులు, వదులు" అని నేను అరుస్తూనే ఉన్నాను, ఆయన బిగిస్తూనే ఉన్నాడు. చివరికి బొటనవేలు వెనక్కి వంచి విడదీశాను. విడిపోయిన చెయ్యి తిరిగి నా మూతి మీద పడింది. కింది పెదవి చిట్లింది, పై పన్నొకటి కదిలింది.

చేతికి కట్టు వేయించుకుని ఆసుపత్రి నుంచి తిరిగొస్తున్నప్పుడు ఆవిడ మాట్లాడింది.

"వానలు పడేదాకా చూస్తాను. ఆలోపు ఆయన్ని ఎక్కడైనా చేర్పించండి. లేదంటే నేను మా చెల్లెలింటికి పోతాను."

"అంటే, ఇప్పుడే ఎందుకు తొందర..."

"బెదిరించడం లేదండీ. ముందుగా చెబుతున్నాను."

ఆవిడ బేరమాడే మనిషి కాదు. ముందొక మాట, తర్వాతొక మాట ఉండదు. ఊరవతల అలాంటి ముసలివాళ్లని చూసుకునే ఇల్లొకటి ఉంటే వెళ్లి నాన్న పేరు రాయించాను. మంచం ఖాళీ కాగానే ఫోన్ చేస్తామన్నారు. ఖాళీ కాకూడదని మొక్కుకున్నంత పని చేశాను. జబ్బు పేరు మొదటిసారి విన్న రోజు, ఇంకా తను తనుగా ఉన్నప్పుడు, "నన్నెక్కడా పడెయ్యకురా" అన్నాడు నాన్న. పడెయ్యనన్నాను. నా మొండితనంలో సగం ఆ మాట కోసం. మిగతా సగం బజారు కోసం. ముసలి తండ్రిని గెంటేసినవాడి దగ్గర తాడు ఎవడు కొంటాడు?

ఆ వారమే నాన్నని చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ తన రెండు వేళ్లు ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన వేళ్లు ముడుచుకున్నాయి. కొంచెం లాగింది. ఇంకా ముడుచుకున్నాయి.

"పసిబిడ్డ చేతిలో వేలు పెట్టి చూశారా ఎప్పుడైనా?"

"చూశాను."

"అదే ఇది. పెద్దయ్యాక మెదడు దాన్ని అణిచిపెట్టి ఉంచుతుంది. ఈయనకిప్పుడు ఆ అణిచేది పోయింది. మీరు లాగినకొద్దీ బిగుస్తుంది. ఈయన పట్టుకోవడం లేదండీ, చెయ్యి పట్టుకుంటోంది."

"మరి నా పన్ను? అది కూడా చెయ్యే కొట్టిందా?"

"అదైతే ఈయనే కొట్టుంటారు," అంది నవ్వకుండా. "మీదపడి బొటనవేలు విరుస్తుంటే మీరైతే ముద్దు పెట్టుకుంటారా?"

ఆయన్ని గది చివరిదాకా నడిపించి చూసింది. పాదాలు ఎత్తకుండా, నేలని రాసుకుంటూ, బొమ్మలా నడిచాడు. గుమ్మం దగ్గర నల్ల పట్టా పరిచి ఉంది. అక్కడ ఆగిపోయి వణికాడు.

"ఆయన కంటికది గొయ్యి," అంది. "మతిమరుపు అంటే పేర్లు మర్చిపోవడమే అనుకుంటారు అందరూ. కాళ్లు నడక మర్చిపోతాయి. గొంతు మింగడం మర్చిపోతుంది. అన్నం మెత్తగా చేసి, గడ్డం కిందికి వంచి పెట్టండి. మెట్లెక్కించేటప్పుడు ఎప్పుడూ వెనకే ఉండండి, ముందు నుంచి లాగకండి."

"ఎన్నాళ్లమ్మా ఇలా?"

"మీ తాడు ఎన్నాళ్లు మన్నుతుందో రాసిస్తారా?"

"రాసివ్వం. నోటితో చెబుతాం."

"నేను నోటితో కూడా చెప్పను," అని, తన వేళ్లని లాగకుండా ఇంకాస్త లోపలికి తోసి, ఆయన చేతి వెనక నిమిరి, మెల్లగా తీసేసుకుంది. చూడటానికి ఎంత తేలికో. ఇంటికొచ్చాక పదిసార్లు ప్రయత్నించాను. ఒళ్లు మండుతున్నప్పుడు నిమరడం ఎవడికి గుర్తుంటుంది?

మా ఆవిడ చేతికి కట్టు ఉంది కాబట్టి స్నానం నా వంతయింది. నీళ్లు మీద పడితే ఆయనకి నిప్పు పడ్డట్టే ఉండేది. తన్నేవాడు, ఉమ్మేవాడు, తడిసిన గోడకి వీపు ఆనించి రెండు చేతులూ గుండె మీద బిగించుకుని నిలబడేవాడు. మోచేతులు తాళం పడ్డట్టు ఉండేవి. వాటిని విప్పాలంటే ఇద్దరం ఒగర్చేవాళ్లం. పన్నెండో రోజు నా ముంజేతిని కరిచాడు. రక్తం నీళ్లలో కలిసి ఆయన పాదాల దాకా పోయింది.

నేను కొట్టాను. అరచేత్తో, చెంప మీద, ఉన్న బలమంతా పెట్టి. పై కట్టుడుపళ్ల సెట్టు ఊడి బక్కెట్లో పడింది. ఆయన తల గోడకి తగిలింది. కొట్టిన క్షణంలో నాకు హాయిగా అనిపించింది. ఇది చెప్పకుండా దాటెయ్యొచ్చు. దాటేస్తే ఈ చెబుతున్నదంతా కల్తీ సరుకు.

ఆ మధ్యాహ్నం కొట్లోంచి నూలుతాడు తెచ్చాను. వేలెడు లావు, ఒరుసుకోని రకం. కుర్చీ చేతులకి ఆయన రెండు చేతులూ కట్టాను. కదిలితే బిగుసుకోకుండా, లాగితే ఊడకుండా ముడి వేశాను. వేశాక నిలబడి చూసుకున్నాను కూడా, మంచి పనే చేశానని. ఆవిడ వంటింటి గుమ్మంలోంచి ఒకసారి చూసి లోపలికి తిరిగింది. వద్దనలేదు. ఆ వద్దనకపోవడమే నాకు ధైర్యం. మూడు రోజులు నాన్న అలాగే కూర్చున్నాడు. తినేటప్పుడు విప్పేవాణ్ణి, తిన్నాక కట్టేవాణ్ణి. ఇల్లు చల్లబడింది. నాలుగో రోజు ఉదయం అక్క వచ్చింది.

అక్క బట్టలు కుడుతుంది, బజారుకి ఆ చివర ఉంటుంది. వారానికోసారి నాన్నని చూడటానికి వస్తుంది. గుమ్మంలోనే చెప్పులు విప్పడం ఆపేసి నిలబడింది.

"ఒరేయ్, మంచి రకమే తీశావా, లేక అమ్ముడుపోని ముక్కా?"

"అక్కా, పొద్దున్నే మొదలెట్టకు."

"కుక్కని కట్టేసినట్టు కట్టావేంట్రా!"

"కుక్క ఇంట్లోవాళ్లని కరవదు. ఇదిగో చూడు." చొక్కా చెయ్యి పైకి లాగి పళ్ల గాట్లు చూపించాను. "నీ మరదలి చెయ్యి చూడు. నీకంత ప్రేముంటే ఒక్క వారం నీ ఇంటికి తీసుకుపో."

"తీసుకుపోతానురా. మిషన్ల మధ్య పడుకోబెడతాను. సూదులన్నీ ఏరి మింగుతాడు, నీకు నిశ్చింత."

"వదినా, మీరిద్దరూ అరిస్తే ఆయన ఇంకా బెదురుతారు," అంది మా ఆవిడ లోపల్నుంచి.

"నువ్వూరుకో అమ్మా. నువ్వు ఒప్పుకున్నావు చూడు, దానికి నాకు ఇంకా ఒళ్లు మండుతోంది," అని అక్క వంగి ముడి విప్పడం మొదలుపెట్టింది. కుడి చెయ్యి విప్పింది. ఎడమ చెయ్యి విప్పుతుంటే ఆమె జడ భుజం మీంచి ముందుకి జారింది.

నాన్న జడ అందుకున్నాడు. మణికట్టుకి రెండు చుట్లు తిప్పుకుని వెనక్కి వాలాడు. అక్క నుదురు కుర్చీ చేతికి కొట్టుకుంది. కనుబొమ్మ చీలి రక్తం కంట్లోకి కారింది.

"వదులు నాన్నా! అయ్యో, వదులు!" అని అక్క.

"వదులు! వదులు!" అని నేను.

గుంజాడు. మళ్లీ కొట్టుకుంది. నేను వెనకనుంచి ఆయన మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించాను. మా ఆవిడ వంటింట్లోంచి గరిటతో వచ్చి, ఎడమ చేత్తో ఆయన వేళ్ల కణుపుల మీద కొట్టింది. టకటకమని చప్పుడు. చర్మం లేచిపోయింది, పట్టు మాత్రం సడలలేదు. ముగ్గురం కలిసి ఒక ముసలివాణ్ణి చంపుతున్నామో, ఆయనే మమ్మల్ని చంపుతున్నాడో, చూసేవాళ్లకి తెలియనట్టుంది.

చూసేవాడు ఒకడున్నాడు. గోదాము తాళాల కోసం కత్తి బాబాయి అప్పుడే మెట్లెక్కి వచ్చాడు. మా కొట్లో నలభై అయిదేళ్లుగా తాళ్లు కోసేది ఆయనే. బజారంతా కత్తి అంటారు, నేను బాబాయి అంటాను. ఆయన గుమ్మంలో నిలబడి, కొట్లో ఆ చివరికి వినపడేంత గట్టిగా అరిచాడు.

"తెగింది!"

నాన్న రెండు చేతులూ ఒక్కసారే విచ్చుకున్నాయి. అక్క వెనక్కి వెళ్లి నేల మీద కూలబడింది. చేతులు రెండూ తొడల మీద వెల్లకిలా పెట్టుకుని, నాన్న కత్తి బాబాయి వంక చూశాడు.

"ఎన్ని బారలు?" అన్నాడు. నాలుగు నెలల్లో ఆయన నోట మేం విన్న మొదటి మాట.

"ఇరవై అన్నా."

"సరే. చుట్టెయ్."

అక్క కంటి మీద కొంగు అడ్డం పెట్టుకుంది. నేను నాన్న మెడ మీంచి చెయ్యి తీశాను.

"ఇందాకట్నుంచీ మీరేం అరుస్తున్నారో మీకేమైనా వినపడిందా?" అన్నాడు కత్తి బాబాయి. "మెట్ల కిందికి వినపడుతోంది. వదులు, వదులు! వదులంటే ఆయనేం చేస్తాడు? బిగిస్తాడు."

అప్పుడు తట్టింది నాకు. నాన్న రోజుల్లో తాడు బారల లెక్కన అమ్మేవాళ్లం. కొట్టు ఈ చివర ఒక మేకు, ఆ చివర ఒక మేకు. ఆ చివర నాన్న తాడు చేతికి చుట్టుకుని నిలబడేవాడు, ఈ చివర కత్తి బాబాయి కొలిచేవాడు. తాడు మధ్యలో వేలాడితే మాకు నష్టం. అందుకని బాబాయి "వదులు!" అని అరిచేవాడు, వదులుగా ఉంది బిగించు అని. నాన్న మడమలు తన్నిపెట్టి వెనక్కి వాలేవాడు. కోశాక చెబితే అవతలి మనిషి వెల్లకిలా పడతాడు. కాబట్టి కత్తి దిగే ముందే "తెగింది!" అనేవాడు. ఆ మాటకి నాన్న చేతులు తెరవాలి. రోజుకి నూరుసార్లు, ముప్పై ఏళ్లు. కొట్టు నా చేతికొచ్చాక కాటా తెచ్చి తాడు తూకానికి అమ్మడం మొదలుపెట్టాను. ఆ అరుపులు పోయాయి.

"మతిమరుపు ఆయనకొక్కడికే అనుకున్నాను," అన్నాడు కత్తి బాబాయి. "తాళాలు ఎక్కడో అదైనా గుర్తుందా, అబ్బాయ్?"

అక్క రక్తం తుడుచుకుంటూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. గరిట బల్ల మీద పెట్టి, తన చేతికున్న కట్టు వంక చూసుకుంది. నేనూ చూశాను. ఆ రోజు తను ఒక్కతే ఉన్నంతసేపూ "వదలండి" అంది. ఆయన ఊరికే పట్టుకుని ఉన్నాడు. నేను వచ్చి అరిచాకే గుంజాడు. ఈ సంగతి ఆవిడకి నాకంటే ముందే తట్టినట్టుంది.

నూలుతాడు ఆ రోజే కొట్లోకి పోయింది. మా ఆవిడ ఆ మాట నేర్చుకుంది. మొదట్లో మామగారితో అలా ఎలా అంటానని "తెగిందండీ" అనేది. అండీ ఉన్నా పనిచేసింది. అక్క అది విని పడిపడి నవ్వింది.

జబ్బు మాత్రం తన దారిన తను పోతూనే ఉంది. మెత్తటి అన్నం కూడా ఒక్కోసారి గొంతుకి అడ్డంపడి ముఖం నల్లబడేది. నడుస్తూ నడుస్తూ గది మధ్యలో పాదాలు అతుక్కుపోయేవి. ఒళ్లు ఒక పక్కకి ఒరిగిపోయేది, దిండ్లు పెట్టి నిలబెట్టేవాళ్లం. స్నానంలో తన్నులు తప్పలేదు. అయినా చేతులు తెరుచుకునే మార్గం ఒకటి ఉందన్న ధీమాతో ఎవరం ఆయన మీద చెయ్యెత్తలేదు. మధ్యాహ్నాలు ఆయన్ని కొట్లోకి దింపి, తాడు చుట్ట మీద కూర్చోబెట్టి, ఒక కొస చేతికిచ్చేవాళ్లం. రెండో కొస కత్తి బాబాయి దగ్గర. అలా గంటలు కూర్చునేవాడు. పైన ఆవిడ నిద్రపోయేది. ఒకరోజు చెల్లెలితో ఫోన్లో "ఇప్పుడప్పుడే రానులే" అంటుంటే విన్నాను. వానలు దగ్గరపడుతున్నాయి, ఆవిడ పెట్టె సర్దలేదు. గెలిచాననుకున్నాను.

మంచి పనిముట్టు దొరికితే చెయ్యి దానికి ఊరికే మరుగుతుంది. నా కాలరు పట్టుకుంటే "తెగింది". గ్లాసు ఇవ్వకపోతే "తెగింది". తలుపు గడియ, దువ్వెన, దుప్పటి అంచు, ఏది పట్టుకున్నా, నాకు తొందరైతే ఆ మాట అనేవాణ్ణి. మెల్లగా చెప్పి చూడటం, కాసేపు ఆగడం, డాక్టరమ్మలా నిమరడం, ఇవన్నీ మానేశాను.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి మబ్బు కమ్మింది. మా వ్యాపారానికి ఏడాదంతా ఒక ఎత్తు, మొదటి మబ్బు పట్టిన గంట ఒక ఎత్తు. లోడ్లు తడిసిపోతాయని లారీలవాళ్లు, ధాన్యం వాళ్లు, పైకప్పు కారే ఇళ్లవాళ్లు అందరూ ఒకేసారి వచ్చి మీద పడ్డారు. తోసుకుంటున్నారు, నా పేరు పెట్టి, పేరు తెలియనివాళ్లు నా వంశాన్ని పెట్టి అరుస్తున్నారు. నాన్న తాడు చుట్ట మీద కూర్చుని వణకడం నేను చూశాను. చూసి కూడా టార్పాలిన్ కొలుస్తూ ఉండిపోయాను.

ఒక లారీ డ్రైవరు, భారీ మనిషి, నాన్న చేతిలో ఉన్న కొస అందుకుని "ఇదెంత లావు?" అని లాగి చూశాడు. పక్కన గజం బద్ద పడి ఉంది. నాన్న దాన్ని తీసి డ్రైవరు నోటి మీద కొట్టాడు. అడ్డంగా, పళ్లు కనపడేలా పెదవి తెగింది. రెండో దెబ్బ చెవి మీద.

"ఏయ్ ముసలోడా!" డ్రైవరు నాన్నని చొక్కా పట్టి గాల్లోకి లేపాడు. నాన్న పాదాలు నేల మీద లేవు. పంచ తడిసి కింద తాడు మీద కారింది. ఎవరో నవ్వారు.

కత్తి బాబాయి మధ్యలోకి వచ్చాడు. "చెయ్యి దించు తమ్ముడూ. నా చేతిలో కత్తుంది. పొద్దుట్నుంచీ ఎవడో ఒకణ్ణి కొయ్యాలని కూడా ఉంది."

"కొట్టింది ఆయనండీ!"

"ఆయన కొట్టింది ఆయనకి తెలీదు. నువ్వు కొడితే నీకు తెలుస్తుంది. దించు."

డ్రైవరు దించాడు. నేను నాన్న నడుం చుట్టూ చెయ్యి వేసి మెట్ల వైపు ఈడ్చాను. జనం నా వెనక అరుస్తున్నారు. టార్పాలిన్ సగం కోసి వదిలేసిన రైతు నా చొక్కా పట్టుకుని మెట్ల దాకా వచ్చాడు.

పది మెట్లు వెనకనుంచి తోసుకుంటూ ఎక్కించాను. పదకొండో మెట్టు దగ్గర నాన్న పాదాలు అతుక్కుపోయాయి. ఇనప కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాడు. మోచేతులకి తాళం పడింది. తోశాను, కదల్లేదు. ముందుకి వెళితే లాగొచ్చునని పక్కనుంచి దూరి ఒక మెట్టు పైకెక్కాను. చొక్కా జేబు దగ్గర పట్టుకుని లాగాను. కమ్మీ ఊగింది గానీ ఆయన కదల్లేదు. తల పైకెత్తి నా ముఖంలోకి చూశాడు. కళ్లనిండా నీళ్లు. రేకుల మీద మొదటి చినుకులు పడ్డాయి.

"అబ్బాయ్! ఒక్కణ్ణే చావాలా ఇక్కడ?" అని కిందనుంచి కత్తి బాబాయి కేక.

"తెగింది," అన్నాను.

రెండు చేతులూ తెరుచుకున్నాయి. అప్పటికే వెనక్కి వాలి ఉన్నాడు. నా చేతిలో జేబు మిగిలింది.

కింద పడ్డాక ఆయన్ని ఎత్తింది ఆ డ్రైవరే. చిట్లిన పెదవి నుంచి నాన్న చొక్కా మీద రక్తం కారుతుంటే, రెండు చేతుల మీద మోసుకెళ్లి లారీ ముందు సీట్లో పడుకోబెట్టి ఆసుపత్రికి నడిపాడు. "ఎలా పడ్డాడండీ?" అని దారిలో అడిగాడు. కాలు జారిందన్నాను. ఆసుపత్రిలో అదే రాయించాను. అక్కకి అదే చెప్పాను. బజారుకి అదే చెప్పాను. తుంటి ఎముక విరిగింది. కోసి రాడ్డు వేశారు. ఆ తర్వాత ఆయన లేవలేదు.

మంచాన పడ్డ పదిహేను రోజుల్లోనే చేతుల్లో పట్టు పోయింది. డాక్టరమ్మ ఇంటికి వచ్చి అరచేతిలో వేళ్లు పెట్టి చూసింది. అవి ముడుచుకోలేదు. "ఇక ఎవర్నీ కొట్టరు," అంది. ఆవిడ అది శుభవార్తలా చెప్పలేదు, నేనూ అలా వినలేదు. మోకాళ్లు ముడుచుకుని పొట్టకి చేరాయి. వీపు మీద పుండు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఇంట్లో అరుపుల్లేవు. మణికట్టు కట్టు విప్పేశారు. ఎముక కొంచెం వంకరగా అతికింది.

ఆ తర్వాత ఒక ఉదయం, బయట జోరుగా వాన. మా ఆవిడ నాన్న తల కింద రెండు దిండ్లు పెట్టి, గడ్డం కిందికి వంచి అన్నం తినిపిస్తోంది. చెంచాలో సగమే తీసుకుని, గొంతు కదిలేదాకా ఆగి, మళ్లీ సగం. నేను గుమ్మంలో నిలబడ్డాను. నలభై రోజులుగా ఆ మాట నా నోట్లో ఉంది.

"ఆ రోజు మెట్ల మీద నేను..."

"ఆ రోజు పైన తలుపు తీసే ఉంది," అంది.

చెంచా ఆగలేదు. ఆయన గొంతు కదిలింది. ఇంకో సగం పెట్టింది.

"నిన్న వాళ్లు ఫోన్ చేశారు," అంది. "ఊరవతల ఇంటివాళ్లు. మంచం ఖాళీ అయిందట."

"ఏం చెప్పావు?"

"అక్కర్లేదన్నాను."

నాకు ఏడుపొచ్చింది. "నువ్వు ఆయన్ని ఉంచుతానంటే చాలు, నేను..."

"మీ కోసం కాదండీ." మొదటిసారి నా వైపు తిరిగింది. "ఇప్పుడు ఈయన్ని ఎవరైనా కొడితే, అడ్డంగా చెయ్యి పెట్టుకోవడం కూడా చేతకాదు. అక్కడ ఎవరు చూస్తారు? ఇక్కడైతే నేను చూస్తూ ఉంటాను."

మళ్లీ చెంచా వైపు తిరిగింది. నేను వెనక్కి లెక్కపెట్టుకున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నాన్నకి స్నానం నేను చేయించలేదు. పక్క మార్చేటప్పుడు రెండో మనిషి కావాలి, అప్పుడు ఆవిడ ఉంటుంది. ఆవిడ బజారుకి వెళ్లాలంటే అక్క వచ్చి కూర్చుంటుంది. అక్కకి కుదరకపోతే కత్తి బాబాయిని పైకి పిలిచేది, నేను కింద ఖాళీగా ఉన్నా సరే. నా శ్రమ తగ్గించడానికే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఈ నలభై రోజుల్లో ఒక్క నిమిషం కూడా నేనూ నాన్నా ఒంటరిగా ఒక గదిలో లేము.

"తడిగుడ్డ తెండి. మూతి తుడవాలి," అంది.

వెళ్లి గుడ్డ తడిపి, పిండి తెచ్చాను. ఆవిడ మంచం దగ్గర్నుంచి లేచి, గుమ్మం దాకా వచ్చి అందుకుంది.